బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా

మా స్కూల్లో సైన్సు పుస్తకంలోని ఒక పాఠాన్ని ఏ టీచరూ చెప్పేవారు కాదు. "ఇంటి దగ్గర చదువుకోండి" అని గబగబా పేజీలు తిప్పేసేవారు. మేమూ ఇంటి దగ్గర బాగానే చదువుకునేవాళ్లం, బొమ్మల దాకా. అమ్మణి టీచర్ వచ్చిన ఏడాది మాత్రం ఆ పాఠం రాగానే ఆవిడ తలుపు మూసి, బోర్డు మీద పసుపు సుద్దతో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పెద్ద గుండ్రం గీశారు. ఇది అండం, మీలో ప్రతి ఒక్కరూ ఒకనాడు ఇంతే ఉన్నారు, ఇందులో ముసిముసిగా నవ్వేందుకు ఏముందో నాకు చెప్పండి అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేనైతే నోరు తెరుచుకుని చూశాను.

చోళపురం నుంచి రాజపాళయం స్కూలుకు టౌన్ బస్సులో వేలాడుతూ వచ్చే రైతు కూతురిని నేను. ఆ పసుపు గుండ్రమే నన్ను ఇక్కడి దాకా లాక్కొచ్చింది. ఇప్పుడు రాజపాళయంలోనే, పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో ఎంబ్రియాలజిస్టుని. గాజు డిష్‌లో అండాన్నీ శుక్రకణాన్నీ కలపడం, ఏర్పడిన పిండాన్ని ఐదు రోజులు కనిపెట్టుకుని పెంచడం నా పని. మా అమ్మ మాత్రం ఊళ్లో అందరికీ నేను నర్సునని చెబుతుంది. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

అందుకే అమ్మణి టీచర్ తన కూతురిని మా దగ్గరికి తీసుకొచ్చిన రోజు నేను నేల మీద నడవలేదు. కూతురి పేరు దర్శిని. స్కూల్లో నాకంటే మూడేళ్లు పెద్ద, కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ముప్పై ఎనిమిదేళ్లు. మదురైలో రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయి వచ్చింది. "ఆనందీ, ఇదే కడైసి తడవ. ఇంక నా ఒళ్లు తట్టుకోదు, మనసూ తట్టుకోదు," అంది. కడైసి అంటే ఆఖరు, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మా నోళ్లలో రెండూ కలిసిపోతాయి. "కవలపడొద్దు అక్కా, నేనుండాను గదా," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

మా దగ్గర అండాలు తీసేది వారానికి రెండు రోజులే, బుధవారం, శనివారం. దర్శినికి బుధవారం వచ్చింది. పొద్దున తొమ్మిదికి మా పెద్ద డాక్టరు అఖిలాండం గారు ఎనిమిది అండాలు తీసి నా చేతికిచ్చారు. అందులో ఆరు పక్వానికి వచ్చినవి, చక్కగా, గుండ్రంగా, మచ్చ లేకుండా ఉన్నాయి. పదకొండున్నరకు వాటి చుట్టూ పట్టుకుని ఉండే చిన్న కణాలను తీసేసి సిద్ధం చేశాను. పన్నెండుకు ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని సూదితో పంపాలి. నీళ్లు తాగుదామని బయటికి వచ్చాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

వరండాలో అమ్మణి టీచర్ నిలబడి ఉన్నారు. చేతిలో గోడ క్యాలెండరు నుంచి చింపిన ఆనాటి కాగితం, నాలుగు మడతలు పెట్టింది.

"ఎన్ని మణికి చేస్తావు ఆనందీ?"

"పన్నెండుకి టీచర్."

"పన్నెండునుంచి ఒకటిన్నర దాకా రాగుకాలం గదమ్మా. అది దాటినంక చెయ్యి. ఒకటిన్నర గంటే గదా."

నేను బిత్తరపోయి చూశాను. "టీచర్, మీరేనా ఇట్ల అడిగేది?"

"నేనే. గుడ్డుకి రాగుకాలం తెలీదని నాకు తెలీదా? మీకంతా ఆ పాఠం చెప్పింది నేనే గదా." ఆవిడ గొంతు తగ్గింది. "మదురైలో రెండు తడవలు ఏ నేరంలో, ఏ మణికి చేసినారో ఎవరూ చూడలా. మూడో తడవన్నా చూసినాము అని ఉండనీ. నిన్ను నేను ఎప్పుడన్నా ఏమన్నా అడిగినానా?"

అడగలేదు. పరీక్ష ఫీజు గడువు దాటిపోతే హెడ్ మిస్ట్రెస్‌తో పోట్లాడి నన్ను కూర్చోబెట్టిన మనిషి, ఒక్కనాడూ ఏమీ అడగలేదు. పైగా నేనేమన్నా పెద్ద హేతువాదినా? రాహుకాలం నమ్మనని కాలేజీ హాస్టల్లో తెగ వాదించేదాన్ని గానీ, ఆ వేళలో కొత్త చెప్పులు కొన్న గుర్తు కూడా నాకు లేదు.

"సరి టీచర్," అన్నాను.

అండానికి తన గడియారం తనకుంటుంది. ఒంట్లోంచి బయటికి వచ్చాక అది కొన్ని గంటలే ఆగుతుంది. లోపల సన్నటి దారాలు దాని క్రోమోజోములను వరసలో పట్టుకుని, శుక్రకణం వచ్చేదాకా కదలకుండా నిలబెడతాయి. వేళ మించితే ఆ దారాలు సడలుతాయి. గంటన్నరతో కొంప మునగదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే సరి అన్నాను. కానీ ఒకటీ ఇరవైకి డాక్టరమ్మ పిలిచారు. సత్రపట్టి నుంచి వచ్చిన ఒకామెకు, గడ్డకట్టించి దాచిన పిండాన్ని కరిగించి లోపల పెట్టాలి. మూడుకి అనుకున్నది ముందుకు జరిపారు. నేను అప్పటికే ఖాళీ అయిపోయి ఉంటానని ఆవిడ లెక్క. కాలేదని చెప్పలేదు. ఎందుకు కాలేదని అడుగుతారు కదా! ఆ పని తెమిలేసరికి మూడు. ఇంక్యుబేటరుకు గ్యాసు సిలిండరు మార్చి, మీటరు అంకె నిలకడ మీదికి వచ్చేసరికి నాలుగు.

నాలుగుంపావుకు దర్శిని అండాల ముందు కూర్చున్నాను. నాలుగూ నలభైకి ఆరోదీ అయింది. కేసు షీటులో సమయం రాయాల్సిన గడి ఉంటుంది. పన్నెండూ పది అని రాశాను. చెయ్యి దానంతటదే రాసిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. చెయ్యి ఏం పాపం చేసింది, నేనే రాశాను.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు చూడాలి. ఆ ఒక్క చూపులోనే తెలిసిపోతుంది, అండం అండంగానే ఉండిపోయిందా, ఇంకొకటిగా మారడం మొదలుపెట్టిందా అని. శుక్రకణం లోపలికి చేరగానే అండం నిద్ర లేస్తుంది. అలలు అలలుగా కాల్షియం కదిలి, ఆగిపోయిన పని మళ్లీ మొదలవుతుంది. తన క్రోమోజోముల్లో సగాన్ని చిన్న మూటలా బయటికి నెట్టేస్తుంది, వచ్చినవాడికి చోటు కావాలి కదా. మర్నాటికి లోపల రెండు గుండ్రాలు కనిపిస్తాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ మెల్లగా జరిగి జరిగి నడిమధ్యలో పక్కపక్కన ఆగుతాయి. కొన్ని గంటల్లో వాటి గోడలు కరిగి రెండిటి సరుకూ ఒకటవుతుంది. ఎన్ని వందలసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ టీచర్ గీసిన పసుపు గుండ్రం గుర్తొస్తుంది.

ఆ రోజు మాత్రం మొదటిది నల్లబడి ముడుచుకుపోయి ఉంది. రెండోదీ అంతే. మూడు, నాలుగు నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, లోపల ఏ గుండ్రమూ లేదు. ఐదోదానిలో మూడు గుండ్రాలు ఉన్నాయి. బయటికి నెట్టాల్సిన సగాన్ని నెట్టలేక తనలోనే ఉంచేసుకుంది. అలసిపోయిన అండం చేసే పని అది. దాని నుంచి బిడ్డ రాదు. ఆరోదానిలో రెండు గుండ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆరింటిలో ఒక్కటి.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నిట్టూర్చారు. "ముప్పై ఎనిమిది కదమ్మా, గుడ్లలో బలం ఉండదు," అని తమిళంలో అని, నా ఎదుటే దర్శినికి ఫోన్ చేసి అదే మాట చెప్పారు. నేను తలూపాను. అవతల దర్శిని ఏమందో వినపడలేదు. ఒక్క చిన్న శబ్దం వచ్చి ఆగిపోయింది.

శుక్రవారానికి ఆ ఒక్కటీ నాలుగు కణాలైంది. శనివారం పొద్దునకు ఎనిమిది. ఈ మూడు రోజులూ పిండం తన సొంతంగా ఏమీ చెయ్యదు. తల్లి అండంలో దాచిపెట్టిన తిండి తిని, తల్లి పంపిన ఉత్తర్వుల ప్రకారమే చీలుతుంది. మూడోనాడు తన జన్యువులు పలకడం మొదలవుతుంది. చాలా పిండాలు అక్కడే ఆగిపోతాయి. అది ఆగలేదు. నేను ఇంటికి వెళ్లి తింటూ కూడా దాన్నే లెక్కపెట్టుకుంటున్నాను. అదొక్కటి నిలబడితే నా తప్పు తప్పు కాకుండా పోతుందని ఎక్కడో మూల ఆశ.

ఆ సాయంత్రం టీచర్ ఫోన్ చేశారు. సంతోషంగా ఉన్నారు.

"ఎట్ల ఉండాది మన కరు?" పిండాన్ని ఆవిడ కరు అనేవారు, క్లాసులో తమిళంలో అన్నట్టే.

"ఎనిమిదైంది టీచర్."

"చూసినావా! రాగుకాలం దాటించినందుకే ఒక్కటన్నా నిలిచింది. లేకుంటే అదీ పోయుండును." అంతలోనే, "దర్శిని అయితే మూడు దినాలుగా ఏడుస్తా ఉండాది. గుడ్లు ముసలివైపోయినాయి, నా తప్పే, నా తప్పే అంటుంది. నేనప్పుడే చెప్పినాను, పీహెచ్‌డీ అప్పురం చేసుకో, ముందు పిల్లల్ని కనవే అని. విన్నాదా?"

ఇంక ఆపుకోలేకపోయాను. "టీచర్, బుధవారం నేను ఒకటిన్నరకి చెయ్యలా. నాలుగుంపావుకి చేసినాను. ఆ గుడ్లు ముసలివి కాదు. నేను అన్ని గంటలు ఆపిపెట్టినందుకు చెడిపోయినాయి."

ఇంకెవరన్నా అయితే విడమరిచి చెప్పాల్సి వచ్చేది. ఆవిడకు అక్కర్లేదు. వెనకాల టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"దర్శినికి చెప్పొద్దు," అన్నారు చివరికి.

"తప్పు తనదనుకుంటా ఉండాది టీచర్."

"అనుకోనీ. నేను నీ దగ్గర వచ్చి అడిగినానని తెలిస్తే అది జన్మకి నా ముఖం చూడదు. ఆనందీ, నిన్ను బతిమాలుతుండాను."

మళ్లీ నేను "సరి టీచర్" అనే అన్నాను. నాకు వచ్చిన మాటలు ఆ రెండే అయినట్టు. ఫోన్ పెట్టాక మొదటిసారి ఆవిడ మీద కోపం వచ్చింది. ఆ వెంటనే ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం ఎంత సుఖంగా ఉందో గమనించి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ అడిగింది గంటన్నర. మిగతాదీ, ఆ పన్నెండూ పదీ నావి.

ఆదివారం సెలవైనా వెళ్లి చూశాను. కణాల మధ్య గీతలు చెరిగిపోయి అన్నీ ఒకదాన్నొకటి హత్తుకుని ముద్దగా అయ్యాయి. సోమవారం పొద్దునకు ఆ ముద్ద లోపల నీరు చేరి ఉబ్బింది. ఇప్పుడు అందులో రెండు రకాల కణాలు ఉన్నాయి. ఒక పక్కన గుంపుగా ఉన్నవి బిడ్డ అవుతాయి, చుట్టూ వరసగా ఉన్నవి తల్లిని పట్టుకునే మావి అవుతాయి. ఐదు రోజుల కింద అదొక అండం, అంతే. ఆ ఒక్కటి, ఎవరి సాయమూ లేకుండా, నేను చేసిన దానికి కూడా ఓర్చుకుని ఇంత దూరం వచ్చింది.

పదకొండుకు దాన్ని దర్శిని గర్భంలో పెట్టాలి. సోమవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా యమగండం, అదీ రాహుకాలం లాంటిదే. టీచర్ దాని ఊసే ఎత్తలేదు. బయట బెంచీ మీద కూర్చుని నన్ను చూసి తల దించుకున్నారు.

లోపల దర్శిని బల్ల మీద పడుకుని ఉంది. భర్త యశ్వంత్ బయటే ఉండిపోయాడు, ఇలాంటివి చూస్తే కళ్లు తిరుగుతాయట. డాక్టరమ్మ చేతులకు గ్లవుజులు వేసుకుంటున్నారు. నేను ల్యాబు కిటికీ దగ్గర నిలబడి మైక్రోస్కోపులోని పిండాన్ని గోడ మీది టీవీ తెర మీద చూపించాను. అది ఆనవాయితీ, పెట్టే ముందు తల్లికి ఒకసారి చూపిస్తాం. తెర మీద అది వెలుగుతూ ఉంది. దర్శిని తల పక్కకి తిప్పి చాలాసేపు చూసింది.

"పాపం," అంది దానితో. "ముసలి గుడ్డులో వచ్చి పడినావు. నన్ను మన్నించు."

మా ల్యాబులో ఏడవకూడదు, ఉప్పునీళ్లు డిష్‌లో పడతాయని కొత్తవాళ్లను నేనే భయపెడుతుంటాను. నా కళ్లు మసకబారాయి. ఆమె మచ్చ లేని గుడ్ల కోసం క్షమాపణ అడుగుతోంది. అడగాల్సిన మనిషిని కిటికీ వెనక నేనున్నాను.

"దర్శినక్కా," అన్నాను. "మీ గుడ్లు ముసలివి కాదు."

డాక్టరమ్మ తిరిగి చూశారు. ఆపితే మళ్లీ చెప్పలేనని ఒక్క గుక్కలో చెప్పేశాను. "ఆరూ మంచివే అక్కా. నేను చూసినాను. పన్నెండుకి చెయ్యాల్సింది నాలుగుంపావుకి చేసినాను. అందుకే పోయినాయి. షీటులో టైం పొయ్యి రాసినాను." పొయ్యి అంటే మా మాటల్లో అబద్ధం. ఆ మాట నా నోట్లోంచి వచ్చి గదిలో అలాగే నిలబడింది.

డాక్టరమ్మ ఏదో అనబోయారు. దర్శిని చెయ్యెత్తి ఆపింది.

"నా గుడ్లు మంచివేనా?"

"మంచివే అక్కా."

"ఆరూనా?"

"ఆరూ."

ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. పడుకుని ఏడిస్తే అంతే కదా. ఆ ముఖంలో ఒక భారం దిగిపోవడం నేను చూశాను, దాని వెనకే కోపం రావడమూ చూశాను.

"యాల ఆలస్యం చేసినావు?"

ఎందుకో చెబితే టీచర్‌ను చూపించినట్టవుతుందని నేల చూశాను. కానీ ఆమె ఫిజిక్స్ లెక్చరరు, పైగా ఆ తల్లికి ముప్పై ఎనిమిదేళ్లుగా కూతురు.

"బుధవారం. పన్నెండు," అని లెక్క కట్టింది. తలుపు వైపు చూసింది. ఆ తలుపు అవతల బెంచీ మీద ఎవరున్నారో ముగ్గురికీ తెలుసు. కాసేపటికి మళ్లీ తెర వైపు తిరిగింది. "ముందు దాన్ని లోపల పెట్టండి. పాపం, అదేం చేసింది. కోపం అప్పురం పడతాను."

పెట్టాం.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ షీటు తెచ్చి, పన్నెండూ పదిని నా చేతే కొట్టివేయించి, అసలు సమయం రాయించి, కింద సంతకం పెట్టించారు. పనిలోంచి తీసేస్తారనుకున్నాను. నెల రోజులు ఇంట్లో కూర్చోమన్నారు, మదురై నుంచి వేరే మనిషిని పిలిపించారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టలేదు. "పేషంటు నా మాట నమ్మింది, నేను నీ షీటు నమ్మాను," అని మాత్రం అన్నారు.

పన్నెండోనాడు దర్శినికి రక్తపరీక్ష. నిలవలేదు.

మంచి పిండాలు కూడా కొన్ని నిలవవు, ఎందుకో మాకూ తెలియదు. ఆ సంగతి రోజూ ఎందరికో చెప్పి ఓదారుస్తాను. నాకు మాత్రం ఆ మాట పనికి రాలేదు. మిగతా ఐదు ఉండి ఉంటే రెండోదో మూడోదో దాచిపెట్టి ఉండేవాళ్లం, ఇంకొక అవకాశం ఉండేది. దర్శినికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. టీచర్‌కు చెయ్యలేదు, ఆవిడా చెయ్యలేదు. తల్లీకూతుళ్లు మాట్లాడుకోవడం లేదని ఎవరో అన్నారు. చోళపురం వెళ్తే అమ్మ, ఎందుకే చిక్కిపోయినావు అని అడిగింది. పని ఎక్కువ అన్నాను. పని లేక ఇంట్లో కూర్చున్న నెల అది.

నాలుగు నెలల తరువాత ఒక సోమవారం డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద దర్శిని ఫైలు ఉంది.

"మళ్లీ చేయించుకుంటుందట. గుడ్లు మంచివని తెలిశాక మానడం ఎందుకు అంటోంది," అన్నారు. "నువ్వే చెయ్యాలట."

"నేనా? వద్దు మేడం."

"నేనూ వద్దనే అన్నాను. ఆనందికే ఇప్పుడు అందరికంటే భయం ఎక్కువ, కాబట్టి ఆనందే చెయ్యాల అంది." డాక్టరమ్మ ఫైలు నా వైపు తోశారు. "నాకు నచ్చలేదు. కానీ ఆమె మాటలో తప్పు పట్టలేకపోయాను."

మళ్లీ బుధవారమే వచ్చింది. ఏడు అండాలు, అందులో ఐదు పక్వమైనవి. పదకొండున్నరకు సిద్ధం చేసి ఇంక్యుబేటరులో పెట్టాను. నీళ్లు తాగడానికి బయటికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను గానీ, యశ్వంత్ సంతకం ఒకటి తక్కువైంది. కాగితం పట్టుకుని వెళ్లాను.

బెంచీ మీద అతని పక్కన అమ్మణి టీచర్ ఉన్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆవిడ వస్తారని నేననుకోలేదు. ఈ నాలుగు నెలల్లోనే బాగా పెద్దవారైపోయారు. చేతిలో క్యాలెండరు కాగితం లేదు. వేళ్లు మాత్రం చీర కొంగును మెలిపెట్టి, విప్పి, మళ్లీ మెలిపెడుతున్నాయి. యశ్వంత్ సంతకం చేశాడు. నేను కదలలేకపోయాను. ఆవిడ ఏమన్నా అడుగుతారేమోనని భయం, ఏమీ అనకుండా ఊరుకుంటారేమోనని అంతకన్నా భయం.

టీచర్ గోడ గడియారం వైపు చూశారు. పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ణి తలచుకున్నారో. పసుపు సుద్ద పట్టుకున్ననాటి గొంతు తెచ్చుకున్నారు, సగమే వచ్చింది.

"మణి పన్నెండు కాబోతుంది. ఇంకా ఇక్కడ యాల నిలబడినావు ఆనందీ? పో లోపలికి."

వెళ్లాను. మొదటి అండాన్ని పట్టుకుని, శుక్రకణాన్ని లోపలికి వదిలి, సూది వెనక్కి తీశాను. సూది గుచ్చిన చోటు మెల్లగా మూసుకుంది. గడియారం చూసి షీటులో సమయం రాశాను, పన్నెండూ పది.